దొర బండి తన్నిన దెబ్బ

మా మోటారుసైకిల్ సంఘంలో మొదట పదకొండు మందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు నలుగురం. అందరివీ ఒకే కంపెనీ బండ్లు, బరువుగా ఉండి డబడబమనే పాతకాలపు రకం. ప్రతి ఆదివారం పొద్దున్నే జనగామ స్టేషన్ దగ్గరి హోటల్లో కలిసి, చాయ్ తాగి, నర్మెట్ట దాకానో తరిగొప్పుల దాకానో పోయి వస్తాం. ఒకప్పుడు చాయ్ దగ్గర కార్బొరేటర్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు షుగర్ గోలీల గురించి మాట్లాడుకుంటున్నాం. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒక మిత్రుడు మహబూబాబాద్ నుంచి వస్తాడు. నడుము పట్టేసినప్పటి నుంచి రైల్లో వస్తున్నాడు. మోటారుసైకిల్ సంఘానికి రైల్లో వచ్చే మనిషి ఇంకెక్కడా ఉండడనుకుంటాను.

నిరుడు వానలు తగ్గాక కంపెనీ వాళ్ల మనిషి ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కోస్తా యాస, మంచి మర్యాద.

“నిజం చెప్పాలంటే అంకుల్, మా కస్టమర్లకి వయసైపోతోంది. కుర్రాళ్లేమో ఇది తాతల బండి అంటున్నారు. మీ తర్వాత ఎవరు కొంటారన్నదే మా బెంగ” అన్నాడు.

మంచినీళ్లు తెచ్చిన మా ఆవిడ నిలబడి విన్నది. “ఈయన తర్వాత ముచ్చట ఎందుకు బిడ్డా? ఆదివారం తప్పితే ఇప్పుడు ఈయననే ఎక్కుతలేడు గద” అంది.

అతను నవ్వి, వచ్చిన పని చెప్పాడు. పాత రైడర్లతో జనగామ నుంచి కాళేశ్వరం దాకా ఒక యాత్ర చేయించి, దాన్ని సినిమా తీస్తారట. దానికి ఈ నేలకు సంబంధించిన పాత కథ ఒకటి కావాలట. మా బాపు సాయుధ పోరాటంలో ఉన్నాడని ఎవరో చెప్పారట. అప్పుడు వాళ్ల దగ్గర ఇదే కంపెనీ మోటారుసైకిల్ ఉండేదట కదా, నిజమేనా?

నిజమే. కథంతా చెప్పాను.

బాపు ఆ రోజుల్లో జనగామలో సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. ఇరవై రెండేళ్లకు దళంలో చేరాడు. ఒకనాడు దళం వాళ్లు నర్మెట్ట దిక్కున ఒక గడి మీద పడితే, దొర వెనక దర్వాజా నుంచి పారిపోయాడు. తుపాకులు దొరుకుతాయని పోయినవాళ్లకు మోటారుసైకిల్ దొరికింది. దాన్ని నడపడం ఎవరికీ రాదు. “నువ్వు సైకిళ్లు బాగుజేస్తవు గద, గిది గూడ సైకిలే” అని దాన్ని బాపుకు అప్పగించారు. ఎంత తన్నినా స్టార్ట్ కాలేదు. పెట్రోలుకు ఒక నల్లా ఉంటుందని, దాన్ని తిప్పాలని బాపుకు తెలియదు. చివరికి ఎడ్లబండి మీద పడుకోబెట్టి, మీద జొన్నసొప్ప కప్పి తీసుకుపోయారు. తోవలో నిజాం పోలీసులు ఎదురై, “ఇటు దిక్కు మోటారు చప్పుడు వినొచ్చిందా?” అని అడిగారు. “లేదు బాంచెన్” అన్నాడు బాపు. పోలీసులకు తాను చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనని తరవాత నాతో అన్నాడు.

తరిగొప్పుల అవతలి తుప్పల్లో రెండు రోజులు కుస్తీ పట్టాక నల్లా సంగతి తెలిసింది. బాపు సంబరంగా ఎగిరి తన్నాడు. ఇంజను ఒక్కసారి ఉరిమింది, కిక్ రాడ్ వెనక్కి తిరిగి మోకాలి కింద కొట్టింది. ఎముక విరిగింది. నాటు వైద్యుడు కట్టిన కట్టుతో అది వంకరగానే అతుక్కుంది. బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు.

పోరాటం ముగిసి ఇంటికి వచ్చాక ఊళ్లో అందరూ తూటా తగిలిందనుకున్నారు. సభల్లో వేదిక ఎక్కించి, “తూటాకు కాలు ఇచ్చిన వీరుడు” అని పూలదండలు వేశారు. బాపు అవుననలేదు, కాదనలేదు. నేను ఉద్యోగంలో చేరి ఈ బండి కొని ఇంటి ముందు నిలిపిన రోజు మాత్రం ట్యాంకు మీది గుర్తు చూసి గుర్తుపట్టాడు. నన్ను పక్కకు పిలిచాడు.

“పైలం బిడ్డా. నన్ను దొర మనుషులు తన్నలె, పోలీసోళ్లు తన్నలె. దొర బండి తన్నింది.”

“మరి తూటా అంటరు గదా బాపు?”

“నేనన్ననా? వాళ్లన్నరు. దండ వేసేటోని చెయ్యి పట్టుకొని, గిది కిక్కు రాడ్ దెబ్బ అని ఎట్ల చెప్పాలె?”

ఆ మోటారుసైకిల్ ఏమైందని అడిగాను. ఇంజను తుప్పల్లోనే వదిలేశారట. టైర్లు మాత్రం బాపే కోసి దళానికి చెప్పులు కుట్టాడట. మూడేళ్లు అడవుల్లో ఆ చెప్పులతోనే తిరిగారు. ఆ కంపెనీ టైర్ల మీద అంత దూరం పోయిన ఘనత ఏ రైడరుకూ దక్కి ఉండదు.

కంపెనీ అబ్బాయి కళ్లు మెరిశాయి. “అద్భుతం అంకుల్” అన్నాడు. వారం తర్వాత రాసి పంపిన కథలో చెప్పులు లేవు, నల్లా లేదు, ఎడ్లబండి లేదు. బాపు ఆ బండి మీద తూటాల మధ్య నుంచి దూసుకుపోతున్నాడు. ఫోన్ చేసి సరిదిద్దుదామని రెండుసార్లు తీసి, రెండుసార్లూ పెట్టేశాను. బాపు ఎందుకు మాట్లాడలేదో అప్పుడు అర్థమైంది.

యాత్రకు కాంపౌండరు పాత బండిని కంపెనీ వాళ్లే వ్యాన్‌లో తెచ్చారు. తెల్లవారగానే నలుగురం బయల్దేరాం. హనుమకొండలో ఒకాయన షుగర్ పడిపోయి వ్యాన్ ఎక్కాడు. పరకాల దాటాక ఇంకొకాయన ఎక్కాడు. భూపాలపల్లిలో చాయ్‌కి ఆగాం. బొగ్గు లారీల దుమ్ములో నేను ఆరుసార్లు కిక్ కొట్టాను. ఏడోసారికి కాలు లేవలేదు. కాంపౌండరు బెంచీ మీద కూర్చున్నవాడు లేవనే లేదు.

“ఏం పర్లేదు అంకుల్, ఏర్పాటు ఉంది” అన్నాడు కంపెనీ అబ్బాయి. ముందే అనుకున్నట్టున్నాడు. షోరూం నుంచి వచ్చిన నలుగురు మెకానిక్కులు మా జాకెట్లు తొడుక్కున్నారు, మా హెల్మెట్లు పెట్టుకుని మా బండ్లే ఎక్కారు. అడవి దారి మలుపుల్లో వాళ్లు దూసుకుపోతుంటే కెమెరా వాళ్ల వెంట పోయింది. మేం వెనక వ్యాన్‌లో మిర్చీ బజ్జీలు తింటూ మమ్మల్ని మేమే చూసుకున్నాం. చాలా బాగా నడుపుతున్నాం.

కాళేశ్వరంలో గోదారి ఒడ్డున మమ్మల్ని దించి, మళ్లీ బండ్ల మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. స్నానం చేసి వస్తున్న ఒక ముసలవ్వ ఆగి, “గింత వయసుల, జనగామ నుంచి బండ్ల మీదనే వచ్చిన్రా?” అంది.

నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

“వచ్చినం అవ్వా” అన్నాడు కాంపౌండరు.

ఆమె మాకు దండం పెట్టింది. సిగ్గేసింది. అయినా దండం తిరిగి పెట్టాను.

సినిమాను మహబూబాబాద్ షోరూంలో తెర కట్టి చూపించారు. “వయసు ఒక అంకె మాత్రమే” అని చివర్లో పెద్ద అక్షరాలు పడ్డాయి. మేం చప్పట్లు కొట్టాం. కాంపౌండరు బిడ్డ, అక్కడి దవాఖానలో నర్సు, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. కంపెనీ అబ్బాయి ఆమెకు దొర, దళం, తూటాలు అన్నీ మొదటి నుంచి చెప్పబోయాడు.

“గా కత తర్వాత చెప్పున్రి సార్. సెల్ఫ్ స్టార్ట్ ఉన్నదా? నా కాళ్లు నేలకు అందుతయా? పొద్దుగాల ఆరింటి డ్యూటీకి పరేషాన్ చెయ్యది గద?”

కంపెనీ కొత్తగా తెచ్చిన తేలిక బండి ఒకటి మూలన ఉంది. దాని మీద ఎక్కి కూర్చుని, కాళ్లు ఆనించి చూసుకుని, బటన్ నొక్కింది. చప్పుడే లేదు. మేం నలుగురం బాధగా తలలూపాం. ఆమె ముఖం వెలిగింది. ఆ బండే కావాలంది.

మొన్న ఆదివారం తండ్రీబిడ్డలు దాని మీదే జనగామ వచ్చారు. ఆమె నడిపింది. అతను వెనక నుంచి దిగి, నడుము సవరించుకుని, చాయ్ చెప్పి కూర్చున్నాడు.

“మనం ఇన్నేండ్లు బండి నడిపి ఏం చూసినమన్నా? గుంతలు చూసినం” అన్నాడు. “వెనక కూసుంటే తెల్సింది. తొవ్వ పొడుగూత పత్తి పూసి ఉన్నది.”