బిళ్ళ మీద గీత

రాజాం బస్టాండులో టీ తాగి, ఇచ్చిన చిల్లరను వెలుతురుకు పెట్టి చూశాను. ఐదు రూపాయల బిళ్ళ మీద సింహాల పక్కన సన్నటి గీత ఉబ్బి ఉంది.

"సెల్లదేటి బాబూ? మార్సమంటావా?" అంది టీ కొట్టామె.

"చెల్లుతుందమ్మా. ముద్ర కొట్టే అచ్చు పగిలితే ఇలా గీత పడుతుంది. ఇలాంటివి ఏరి దాచుకుంటాను."

"ఇంటికెల్లి ఎవులికి సూపిస్తావు?"

నా భార్య పోయాక నన్నెవరూ ఆ మాట అడగలేదు. "ఎవరూ లేరు," అన్నాను.

ఆమె బిళ్ళ తీసేసుకుని, "ఇలా రండర్రా, ఇది సూడండి!" అని బెంచీల మీదవాళ్ళను కేకేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా ఆ గీతను వేలితో తడిమి చూశారు. ఈలోగా నా బస్సు వెళ్ళిపోయింది.

బిళ్ళ తిరిగి చేతికొచ్చేసరికి వెచ్చగా ఉంది. జేబులో వేసుకోబుద్ధి కాక, గుప్పిట్లోనే పట్టుకుని తర్వాతి బస్సెక్కాను.