కమానుకు పెట్టిన బిరడా

ఆ వీధికి అడ్డంగా మూడు రాతి కమానుల మీదుగా కాలువ సాగిపోతుంది. క్రింద బండ్లు, పైన పడవలు. ఆ కమానులను ముప్పైనాలుగేండ్లుగా కంటికి రెప్పలా కాచుకొని వస్తున్నవాడు మేస్త్రీ. కాలువ అడుగున కాళ్లతో తొక్కి పరచిన బంకమన్ను ఎంత గట్టిదైనా కొంత చెమ్మ దిగక మానదు. అది బయటికి పోవడానికే పూర్వులు కమానుకు రెండేసి కన్నాలు విడిచారు. చెమర్చినంతకాలమే కమాను నిలుస్తుందన్నది తండ్రి అతనికి నేర్పిన తొలి పాఠం.

ఆ పాఠాన్ని అతడే మీరాడు. నడిమి కమాను క్రింద అతని అక్క కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకుతోంది. కన్నం నుండి జారిన నీరు ఒకనాడు ఎవరిదో కొత్త కోటును మరకచేసింది.

"ఊళ్లో రాళ్లన్నిటికీ వైద్యం చేస్తావు. తోడబుట్టినదాని నెత్తిమీద చినుకు ఆపలేవుట్రా?" అని దెప్పిపొడిచింది.

మరునాడే అతడు ఆమె పైనున్న రెండు కన్నాల్లోనూ సిమెంటు దట్టించాడు.

ఏడాది తిరిగేసరికి ఆ కమాను రాళ్లు పొట్ట ఉబ్బినట్లు ముందుకు వచ్చాయి. కాలువల ఇంజనీరు వచ్చి రాళ్లను తట్టి చూశాడు.

"రాయి ముసలిదైపోయింది మేస్త్రీగారూ. కూల్చి, కాలువకు ఇనుపతొట్టె కట్టించేద్దాం. ఇక్కడో సంతకం పెట్టండి."

మేస్త్రీ కలం అందుకున్నాడు. మోకాళ్లు గుంజుతున్నాయి. ఉద్యోగం ఇంక మూడు నెలలే. సంతకం చేస్తే తన తప్పు రాళ్లతోపాటు మట్టిలో కలిసిపోతుంది. భగవంతుడు తనకు నాలుకనిచ్చినది ఈ ఒక్క పూట కోసమేనేమో అనిపించింది.

"రాయి బాగానే ఉందండీ, ముసలివాణ్ణి నేనే. ఆ కన్నాలు మూసింది నేను. నీళ్లు లోపలే నిలిచి రాయిని తోస్తున్నాయి."

"మీరా! ఎందుకు మూశారు?"

"అక్క తిట్టింది."

ఇంజనీరుకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "దీన్ని కాగితం మీద ఎలా రాయమంటారు?"

"ఉన్నదున్నట్టే రాయండి."

ఇంజనీరు అట్లే వ్రాశాడు. కూల్చివేత ఆగింది. మేస్త్రీకి ఉద్యోగం వదిలి సాయంత్రంలోగా ఇంటికి పొమ్మన్న ఉత్తరువు వచ్చింది. కన్నాలు తెరిచి, ఉలి అప్పగించి, మెట్టుమెట్టుకూ ఆగుతూ వీధిలోకి దిగాడు.

అక్క అప్పటికే చినుకు పడకుండా మిషను గోడవారకు లాక్కుంది. "నా పేరు సర్కారు కాగితాలకెక్కించావు కదరా!"

"తర్వాత తిట్టక్కా. నిలబడలేకపోతున్నా."

ఆమె తన కుర్చీ ఖాళీచేసి అతనివైపు జరిపింది.