తగరం తగ్గించిన మనిషి

మా మామయ్య బేరింగుల వర్క్‌షాపులో కొలిమి మనిషి. మాటల్లో పొదుపు, మొండితనంలో మాత్రం ధారాళం. ఆయన చేసే బేరింగులో ఉక్కు రేకు మీద రాగి, తగరం కలిపిన పొర, దానిమీద ఇంకో మెత్తని పొర. ఎంత వేడెక్కినా ఈ పొరలు ఊడిరాకుండా చేయడానికి ఆయనకు ఆరేళ్లు పట్టింది. ఊడిపోయిన ప్రతి ముక్క వెనకా మేకుతో తేదీ, పాళ్లు గీసి దాచేవాడు. కరిగించి మళ్లీ వాడుకోవచ్చు కదా అంటే వినడు. ఇల్లంతా తుక్కుతో నింపాడని అత్తయ్య సణిగేది. ఒక ముక్కను కుంటి వంటబల్ల కాలికింద పెట్టేసింది కూడా.

పేటెంటు అడిగితే పేటెంటు ఆఫీసులో పరీక్షాధికారి కుదరదన్నాడు. పొరలు ఒక పాత పేటెంటులో ఉన్నాయి, మిశ్రమం మరో దాంట్లో ఉంది, రెండూ కలపడం ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. మామయ్య రెండు రోజులు సరిగ్గా భోంచేయలేదు, మూడోనాడు అప్పీలు వేశాడు. అదీ పోతే ఆయన ఆరేళ్ల కష్టం ఎవరైనా వాడుకోవచ్చు. పైగా అదసలు కష్టమే కాదన్న ముద్ర పడుతుంది.

విచారణకు మంచి ముక్కల ఫలితాలు చాలన్నాడు లాయరు. మామయ్య మాత్రం ముందురోజు చెడినవన్నీ నేలమీద వరసగా పరిచాడు. ఆ రెండు పేటెంట్లలో చెప్పినట్టే తు.చ. తప్పకుండా చేసిన ముక్క ఒక్కటే కనబడలేదు. అత్తయ్య వంటింట్లోకి వెళ్లి, బల్ల ఎత్తి, దాన్ని తెచ్చి ఇచ్చింది.

విచారణలో అప్పీలు వినే ముగ్గురు సభ్యుల ముందు మామయ్య సంచీ విప్పాడు. ఆ ముక్క తీసి గోటితో గీకితే పొర లేచి వచ్చింది.

"ఆ రెండూ నేనూ చదివానండి. తగరం పెంచితే బాగా అతుక్కుంటుందని రెండిట్లోనూ ఉంది. నమ్మి నాలుగేళ్లు పెంచుతూ పోయాను. ముక్కల వెనక గీతలన్నీ కలిపి చూసుకుంటే, పెంచేకొద్దీ ఇంకా తొందరగా ఊడుతోందని తెలిసింది. అప్పుడు తగ్గించాను."

మూడు నెలలకు తీర్పొచ్చింది. ఈ పని తెలిసినవాళ్లెవరైనా తగరం పెంచేవారే కానీ తగ్గించేవారు కారు, పేటెంటు ఇవ్వాల్సిందే అని. మామయ్య రెండుసార్లు చదువుకుని, చొక్కా మార్చుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ ముక్క ఫైలుతోపాటు విచారణ చేసినవాళ్ల దగ్గరే ఉండిపోయింది. బల్ల ఇప్పటికీ ఊగుతుంది. మొన్న అట్టముక్క మడిచి కాలికింద పెట్టబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. అక్కడ ఏం పెట్టానో నాకు గుర్తుండాలి."