నెమళ్ల గోడ కొన్న లక్ష్మీరాజం మామ

మా లక్ష్మీరాజం మామకు ఉన్నది ఒక్కటే పిచ్చి: ఇంకా పేరు రానివాళ్లు గీసిన బొమ్మలు కొనడం. కామారెడ్డిలో బెల్లం వ్యాపారం చేసి నాలుగు డబ్బులు వెనకేసినవాళ్లంతా పొలాలు కొన్నారు, బంగారం కొన్నారు. మామ బొమ్మలు కొన్నాడు.

"పొలానికి కరువొస్తది, బంగారానికి దొంగొస్తడు. బొమ్మకు ఏమొస్తది? గీసినోనికి పేరొస్తది! అప్పుడు ధర పెరుగుతది" అనేవాడు. పక్క దుకాణంలో బట్టలు కుట్టుకునే నేను ఆ మాట రోజుకు పదిసార్లు వినేవాణ్ణి.

అచ్చు బొమ్మలంటే ఆయనకు మంట. స్టేషన్ దగ్గర దేవుళ్ల పటాలు అమ్మేవాడు ఒకసారి "అణాకు ఒకటి సేటూ" అని పిలిచాడు.

"గిసొంటియి ఎన్నున్నయి నీ దగ్గర?"

"ఎన్ని కావాలె? వెయ్యైనా ఇస్త."

"వెయ్యి మంది ఇండ్లల్ల ఉన్నది నాకెందుకు?" అని మామ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేశాడు.

టాంగా బండ్లకు రంగులేసే యాకూబు దగ్గర చెక్క మీద గీసిన గుర్రం కొన్నాడు. నేను ఎగాదిగా చూశాను.

"మామా, దీనికి ఐదు కాళ్లున్నయేంది?"

"ఐదోది తోకరా."

"తోకకు గిట్ట ఉన్నది గదా!"

"అందుకే కొన్న. గిసొంటిది ఇంకోటి దొరుకుతదా? సూస్తుండు, ధర పెరుగుతది."

"పెరిగేది దుమ్మే. తుడవలేక నా నడుము పోతున్నది" అంది లోపలినుంచి అత్త సుభద్రమ్మ. ఆమె ఆ గుర్రం చెక్కను బెల్లం కుండకు మూతగా పెట్టేది. మామ తీసి గోడకు తగిలించేవాడు. రోజూ ఇదే తంతు.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో పెద్ద వానలు కురిశాయి. ఏదో పనిమీద మామా నేనూ ఎల్లారెడ్డి వెళ్లాం. అక్కడ బీడీలు చుట్టుకుని బతికే భూమక్క ఇల్లు కూలిపోయింది. భర్త లేడు. ఊళ్లోవాళ్లు తలా ఇన్ని గింజలు పోయబోతే "నాకు చేతులున్నయి, ఊరికె తీసుకోను" అని తిప్పి పంపిందట. మిగిలింది ఒకే గోడ. ఎర్రమట్టి జాజు పూత మీద తెల్లటి సున్నంతో ఆమె వేసిన ఐదు నెమళ్లు దాని మీద బారుగా నడుస్తున్నాయి.

మామ ఆ గోడ ముందు కదలకుండా నిలబడ్డాడు.

"అక్కా, గోడ అమ్ముతవా?"

"గోడ అమ్ముడేందన్నా? కొంటపోయి ఏం జేస్తవు?"

"ఇప్పుడు అగ్గువ. రేపు ధర పెరుగుతది. నిన్ను ముంచుతున్న అనుకోకు, యాపారం యాపారమే."

ఆమె నన్ను చూసింది, ఈయనకు మతి బాగానే ఉందా అన్నట్టు. నేను తల దించుకున్నాను. చివరికి, కొత్త ఇంటికి గోడలు లేపుకునేంత పైకం గోడ ధర కింద ఇచ్చి, ఆమె అరచెయ్యి సున్నంలో ముంచి నెమళ్ల పక్కన సంతకంగా వేయించుకున్నాడు.

ఆ గోడను పెళ్లలుగా కోయించి, గడ్డి పరిచి బండి కట్టించాడు. బండి కుదుపుకో నెమలి రాలింది. ఎల్లారెడ్డిలో ఐదు నెమళ్లతో బయల్దేరి, కామారెడ్డికి ఒకటిన్నర నెమలితో చేరాం.

"మంచిదే అయింది. సగం నెమలి యాడ దొరుకుతది?" అన్నాడు మామ.

రెండేళ్ల తర్వాత, నిజాంసాగర్ కాలువల మీద పనిచేసే ఇంజనీరు ఒకాయన బెల్లం కోసం వచ్చి, ఒకటిన్నర నెమలిని చూసి బెల్లం మరిచిపోయాడు.

"నా బంగ్లాలో పెట్టుకుంటా. వంద రూపాయలిస్తా."

తలుపు చాటున అత్త గాజులు గలగలమన్నాయి. ఇన్నేళ్లకు ఒక బొమ్మకు ధర పలికింది! మామ గొంతు సవరించుకున్నాడు.

"తప్పు చెప్పకూడదు సాబ్, ఇది నకలు. అసలు గీసే మనిషి ఎల్లారెడ్డిల ఉన్నది, భూమక్క. మీ బంగ్లా గోడల మీదనే వేయించుకోండ్రి. గోడకు వంద అడుగుతది, బేరమాడకుండ్రి."

ఇంజనీరు పేరు రాసుకుని వెళ్లగానే అత్త బయటికొచ్చింది.

"నకలా? బండికెత్తి తెచ్చిన గోడ నకలా? ధర పెరుగుతదంటిరి గదా!"

"పెరిగింది గదనే! నేనమ్మితే గోడ ధర ఒక్కసారి పెరుగుతది. గిట్లయితే ఆమె చేతి ధర పెరుగుతది."

అన్నేళ్లలో మామ ఒక్క బొమ్మ కూడా అమ్మలేదని నాకు అప్పుడే తట్టింది.

భూమక్క ఇంజనీరు బంగ్లాలో నాలుగు గోడలకు నెమళ్లు వేసింది. అవి చూసి బాన్సువాడ నుంచి పిలిచారు, బోధన్ నుంచి పిలిచారు. ఇంటికి పెంకులు కప్పించుకున్న రోజు మమ్మల్ని భోజనానికి పిలిచింది. తిన్నాక అత్త మెల్లగా ఆమె పక్కన చేరింది.

"అక్కా, మా వంటింటికి నెమళ్లు వేస్తవా? ఎంత తీసుకుంటవు?"

భూమక్క మొహమాటపడుతూనే ధర చెప్పింది. అత్త కళ్లు తేలేసింది. కొంచెం తగ్గించమని అడగబోతుంటే మామ చెయ్యి పట్టుకుని లేపాడు.

"మనతోని అయ్యేది కాదు, నడువు" అన్నాడు. ఏదైనా కొనలేకపోయినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.