ముగ్గులో రెండో చెరువు

ఇప్పుడైతే ఊరి పటం కావాలంటే ఫోను తెరిస్తే చాలు. మా కాలంలో ముగ్గుపిండి డబ్బా పట్టుకుని బయలుదేరాల్సి వచ్చేది. డిగ్రీ ముగించి తిరుపతిలో వాటర్‌షెడ్ కార్యకర్తల శిక్షణలో చేరాను. నీటి పనులు ఎక్కడ చేపట్టాలో ఊరివాళ్లతోనే తేల్పించడం మేం నేర్చుకోవాల్సిన విద్య. పాఠాలు చెప్పే పెద్దాయనకు మేం పెట్టుకున్న పేరు మట్టి సారు (ఎక్కడికెళ్లినా చిటికెడు మట్టి తీసి వాసన చూసేవారు). ఆయన సూత్రం ఒక్కటే: "పటం ఊరోళ్లు గీయాల. మీరు చేతులు కట్టుకోని నిలబడాల." ఆఖరి పరీక్ష సత్యవేడు దగ్గర ఒక పల్లెలో పెట్టారు. నెగ్గితే ఉద్యోగం, లేకపోతే మా నాయన బియ్యం అంగడిలో కాటా ముందు కూర్చోవడం.

వీధిలో ఆడవాళ్లను పోగుచేసి, పటం గీయమని పిండి వాళ్ల చేతికిచ్చి, నేను చేతులు కట్టుకున్నాను. ముగ్గుల్లో ఆ వీధికి పెద్ద దిక్కు ఒకామె (ఊరంతా అత్తా అనే పిలిచేది). ఆమె చేతిలో గుడి, బడి, వంక, చెరువు చకచకా పడ్డాయి. అంత అందమైన ఊరిని నేనెక్కడా చూడలేదు. ముక్కు మీద దోమ వాలినా చెయ్యి విప్పలేదు.

మట్టి సారు వచ్చి చూశారు. ముఖం వెలిగిపోయింది. "తూర్పున ఇంకో చెరువుండాదా! ఎవురూ చెప్పలేదే. పదప్పా, చూసొద్దాం."

ఎండలో, ముళ్లతుమ్మల్లో ఆయన ముందు, నేను వెనక నడిచాం. వేరుశనగ చేలు దాటినా చెరువు మాత్రం రాలేదు. మేకలు కాసే తాత ఆపాడు. "యాడికి పోతాండారప్పా?"

"చెరువు కాడికి తాతా."

"చెరువు ఆ పక్క కదా ఉండాది! ఇట్లే పోతే తమిళనాడు వస్తాది."

వెనక్కొచ్చి అడిగాను. "అత్తా, తూర్పున చెరువు యాడుండాది?"

"యాడా లేదబ్బా."

"మరెందుకు ఏసినావు?"

"ఒక పక్క చెరువేసి ఇంకో పక్క బోసిగా ఇడిస్తే అది ముగ్గవతాదా? నువ్వు ఈడ్నే నిలబడి సూస్తానే ఉంటివే! వద్దంటే తుడిపేసుందును కదా."

అరుగు మీద కూర్చుని కాలిముల్లు తీసుకుంటున్న సారు తలెత్తారు. "చేతులు కట్టుకోమంటిని గానీ, నోరు కూడా కట్టుకోమంటినా నాయనా?"

ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లు కాటా ముందు కూర్చుని, తర్వాత పత్రికలో చేరాను. ఇన్నేళ్లకీ ఏ కుర్ర విలేకరి వార్తయినా రెండువైపులా మరీ ముచ్చటగా అమరి వస్తే, "రెండో చెరువు కళ్లారా చూసొచ్చినావా?" అని అడుగుతాను. నాది ముసలి చాదస్తం అనుకుని వెళ్లిపోతారు. అప్పుడు నా ముక్కు మీద ఆ దోమ మళ్లీ వాలినట్టుంటుంది. ఇప్పుడు మాత్రం చెయ్యి విప్పి తోలుకుంటాను.