ఫోన్ కన్నా ముందొచ్చిన కేక

మా బాబుకి అప్పుడు నాలుగో నెల. బహదూర్‌పురాలో అత్తగారింట్లో ఉన్నాను. దక్షిణాసియా మహిళల ఫుట్‌బాల్ ఫైనల్‌లో మన గోల్‌కీపర్ మా చెల్లెలు మౌనిక. హాల్లో అత్తమ్మ సీరియల్ చూస్తుంటే, నేను లోపలి గదిలో బాబుకి పాలిస్తూ ఫోన్‌లో ఆట చూస్తున్నాను. పక్కింటి షాహీన్ ఖాలా వాళ్లు టీవీలో అదే ఆట చూస్తున్నారు. వాళ్ల టీవీ నా ఫోన్ కన్నా కొంచెం ముందు నడుస్తోంది.

నా ఫోన్‌లో మౌనిక ఇంకా గోల్ ముందు నిలబడే ఉంది. అంతలో గోడ అవతల ఖాలా కేక వేసింది.

"యా అల్లా, పోరికి తలకు తగిలింది."

తర్వాత అటు నుంచి చప్పుడు లేదు. ఫోన్‌లో అవతలి జట్టు అమ్మాయి బంతితో అప్పుడే పరుగెత్తుకొస్తోంది. మౌనిక దూకబోతుండగా ఫోన్ బోర్లా పెట్టేశాను. ఏడుపు రాలేదు. బాబు పాలు తాగుతూనే ఉన్నాడు.

కాసేపటికి ఖాలా కిటికీ దగ్గరికి వచ్చింది.

"లేచింది బిడ్డా. ఫికర్ చేయకు."

"నిజంగనా ఖాలా?"

"అబద్ధమెందుకు చెప్తా? గోల్ గూడ ఆపింది నీ చెల్లె."

సరేనన్నాను. సంతోషం కూడా రాలేదు.

ఆట గెలిచాక, తలకు కుట్లు వేయించుకుని మౌనిక ఫోన్ చేసింది.

"ఎట్ల ఆపిన అక్కా, చూసినవా?"

"మస్తు ఆపినవ్" అన్నాను.

ఆ వీడియో ఇప్పటికీ తెరవలేదు. మౌనిక ఆడిన ఒక్క ఆట కూడా మా అమ్మ ఇన్నేళ్లలో చూడలేదు. ఎందుకని ఇక అడగను.