స్టోర్స్ గుమాస్తా పాస్‌వర్డ్

స్టోర్స్ గుమాస్తా పాస్‌వర్డ్ మార్చుకున్నప్పటి నుంచి కంప్యూటర్ అతన్ని లోపలికి రానివ్వడం లేదు. ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. మతి తప్పుతోందేమోనని లోలోపలే కుమిలిపోయాడు గానీ భార్యకైనా చెప్పలేదు. చివరికి సిగ్గు విడిచి, నెట్‌వర్క్ చూసే అమ్మాయిని పిలిచాడు.

ఆమె కాసేపు వెతికి, "తప్పు మీది కాదు బాబాయ్. ఈమధ్యే కొత్త సర్వర్ పెట్టాం, మీ పాస్‌వర్డ్ మారింది అందులోనే. సర్వర్ పేరు చెప్తే మీ కంప్యూటర్ మాత్రం ఇంకా ఆ మూలనున్న పాత సర్వర్ దగ్గరికే పోతోంది. మీ కొత్త పాస్‌వర్డ్ దానికి తెలీదు" అంది. ఆ పేరుకు కొత్త సర్వర్ అడ్రసు ఇవ్వగానే లాగిన్ అయిపోయింది.

అతను కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమే, నా బుర్ర బాగానే ఉందట!"

"బాగాలేదని ఎవరన్నారు?" అంది భార్య.

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నా."